పని అడగని పడవ

గురువారం ఉదయం ఆరు గంటలకు సోనీ యాకుత్‌పురాలో పెళ్లి నుంచి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పడవ లేదు.

పడవ కింద వేసిన టైర్లు ఉన్నాయి. మీద కప్పిన పరదా మడతపెట్టి గోడ మీద ఉంది. దొంగ అయితే పరదా మడతపెట్టడు. సోనీ చేతిలోని సంచి దించకుండానే గల్లీకి అటు చివరా ఇటు చివరా చూసింది.

మామ ఆగయ్య గడప మీద కూర్చుని చాయలో బన్ను ముంచుకుని తింటున్నాడు. మోకాళ్ల నొప్పులని చెప్పి పెళ్లికి రాకుండా ఇంట్లో ఉండిపోయినవాడు ఆయన ఒక్కడే.

"పడవేది మామా?"

"నీళ్లల్ల ఉంది."

ఆటో అతన్ని పంపించి వెనకే వచ్చిన ఆమె మొగుడు ప్రేమ్‌రాజ్ ఆ మాట విన్నాడు. "ఎవరు దించిన్రు బాపు?"

"దించలే," అన్నాడు ఆగయ్య. బన్ను ముక్క నోట్లో పెట్టుకున్నాడు. "ముంచిన."

లడ్డూల డబ్బా పట్టుకుని వస్తున్న అత్త సుందరమ్మ గల్లీలోనే ఆగిపోయింది.

ఆగయ్య ఏదీ దాచలేదు. అడిగినదానికల్లా జవాబిచ్చాడు. బుధవారం వాళ్లు పెళ్లికి పోగానే కూరగాయల బండి ఖలీల్‌ను పిలిచాడు. ఇద్దరూ పడవను బండి మీదికెత్తి మీర్ఆలం చెరువు దాకా తోసుకుపోయారు. ఒడ్డుకు దగ్గరలో నడుము లోతున పెట్టి, లోపల రాళ్లు నింపి ముంచేశాడు. ఆదివారం పొద్దున తీయొచ్చని ఆయన లెక్క.

కట్టె పడవకు పద్ధతి అదే. ఎండలో పడి ఉన్న పడవను కొంటే పలకలు ఎండి సందులు విచ్చుకుని ఉంటాయి. కొన్నాళ్లు నీళ్లలో ముంచి పెడితే పలక తాగుతుంది, ఉబ్బుతుంది, సందు మూసుకుంటుంది. ఆ తర్వాతే తారు. ఆగయ్య తండ్రి అట్లాగే చేశాడు. ఆగయ్యా అట్లాగే చేశాడు. కిందటి వానల్లో అడుగు ఊడేదాకా ఆ ఇంటి పడవ ఆ పద్ధతి మీదే తేలింది.

కానీ ఇది కట్టె పడవ కాదు. ఏదో పార్కులో జనాన్ని తిప్పి తిప్పి, పాతబడ్డాక వేలంలో శాలిబండ తుక్కు కొట్టుకు చేరిన ఫైబర్ పడవ. నీలం రంగుది. సోనీ ఏరి తెచ్చింది. రెండు పక్కలా తెల్లరంగుతో రాసిన రాత ఇంకా చెదరలేదు. పై వరుసలో 'పిల్లలను పట్టుకొని కూర్చోండి', కింది వరుసలో 'నిలబడరాదు'. వాకిట్లో దింపిన రోజు గల్లీలో మగవాళ్లు టికెట్ ఎంతని అడిగారు.

ప్రేమ్‌రాజ్ ఇంట్లోకి కూడా పోకుండా చెరువు వైపు పరుగెత్తాడు. సోనీ వెనకే పోయింది. ఆగయ్య చాయ పూర్తి చేసి, కప్పు కడిగి బోర్లించి, తర్వాత బయలుదేరాడు.

నీళ్లలోకి దిగి ప్రేమ్‌రాజ్ ఒక్కొక్క రాయీ తీసి ఒడ్డుకు వేశాడు. సోనీ చీర నడుముకు దోపి పడవ ముక్కు పట్టుకుంది. రాళ్లన్నీ తీశాక కూడా పడవ పైకి రాలేదు. బకెట్‌తో నీళ్లు తోడారు. అప్పుడు వచ్చింది గానీ, వెనక భాగం కిందికి వాలి వచ్చింది. కొన్ననాడు ప్రేమ్‌రాజ్, ఆమె చెరోవైపు పట్టి ట్రాలీ మీదికి ఎత్తిన పడవ అది. ఇప్పుడు ఒడ్డుకు లాగడానికి దారిన పోయే ఇద్దరు చేయి వేయాల్సి వచ్చింది.

సోనీ వెనక సీటు మీద చెయ్యి పెట్టి పడవను ఊపింది. సీటు లోపల నీళ్లు కదిలిన చప్పుడు అయింది.

సీటు అంటే మూసిన పెట్టె. లోపల నురుగులాంటి పసుపు ఫోం నింపి ఉంటుంది. పడవ తిరగబడినా మునిగిపోకుండా అదే కాస్తుంది. ఆ పెట్టెలోకి నీళ్లు పోవడానికి దారి ఉండదు. మంగళవారం దాకా లేదు. మంగళవారం ప్రేమ్‌రాజ్ తెడ్డు కొక్కాలు బిగించడానికి సీటు పక్కన డ్రిల్లు వేశాడు. స్క్రూలు చిన్నవి వచ్చాయి. పెళ్లి నుంచి వచ్చాక బిగిస్తానని రంధ్రాలు అట్లాగే వదిలేశాడు.

సోనీ ఆ రంధ్రాలను చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

ప్రేమ్‌రాజ్ తండ్రి వైపు తిరిగాడు. "నీకెవరు చెప్పిన్రు ముట్టుమని? ఒక్క మాట అడగొద్దా?"

"పడవను ముంచనీకె అడగాల్నా? మా బాపు ముంచిండు, నేను ముంచిన. ముంచని పడవనే మునుగుతది."

"అది కట్టెది మామా," అంది సోనీ. "ఇది ఫైబర్. ఇది తాగదు."

"తాగకుంటె గింత బరువెందుకైంది?"

దానికి జవాబు చెప్పాలంటే రంధ్రాల సంగతి చెప్పాలి. ప్రేమ్‌రాజ్ చెప్పలేదు. సోనీ అతను చెబుతాడేమోనని చూసింది.

చేపలు పట్టేవాళ్ల సంఘం పెద్ద నర్సింహ కట్ట మీద నుంచి ఇదంతా చూసి కిందికి వచ్చాడు. ఆగయ్య ఈడువాడే. ఆయన కొత్తగా చెప్పింది ఏమీ లేదు, అందరికీ తెలిసిందే మళ్లీ చెప్పాడు. ఆదివారం వల దించే రోజు. సంఘంలో పేరున్న మనిషి తన ఇంటి పడవలో, ఒక్కడే, గంగమ్మకు పసుపు నీళ్ల చెంబు తీసుకుని చెరువు నడుమ ఉన్న రాయి దాకా పోయి రావాలి. పోయి వచ్చిన ఇంటికి ఏడాది పాటు వల వేసే హక్కు. రాని ఇంటి వంతు వరుసలో ఉన్న ఇంకొక ఇంటికి పోతుంది. అడిగి తెచ్చుకున్న ఎరువు పడవ చెల్లదు.

"నా చేతుల లేదు ఆగన్నా," అన్నాడు నర్సింహ. "నీకు విడిస్తె రేపు అందరికీ విడవాలె."

సంఘంలో పేరు ఆగయ్యది. కొడుకు పేరుకు మార్చమని ప్రేమ్‌రాజ్ ఎన్నిసార్లు అడిగినా, నేను బతికుండంగనే నా పేరు కొడతరా అని ఆగయ్య మాట దాటేస్తూ వచ్చాడు. అందుకే సోనీ ఈ పడవను ఏరింది. మోకాళ్లు పట్టేసిన ముసలాయన ఒక్కడే తెడ్డు వేసుకుని పోగలిగిన పడవ కావాలి. ఏటేటా తారు, సందుల్లో కూరే దూది, వడ్రంగి అడగని పడవ కావాలి. వడ్రంగి చచ్చిపోయి చాలా కాలమైంది. ప్రేమ్‌రాజ్ తెల్లవారక ముందే వల తీయాలి, ఆమె కిషన్‌బాగ్ చౌరస్తాలో చేపలు పెట్టుకుని కూర్చోవాలి. ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు.

ట్రాలీలో వేసుకుని పడవను ఇంటికి తెచ్చారు. సుందరమ్మ అన్నం వడ్డించింది. ఎవరూ ముట్టలేదు. ఆగయ్య మాత్రం తిన్నాడు. తిని, వాకిట్లో పడవకు వీపు పెట్టి కూర్చున్నాడు.

వంటింట్లో సోనీ తలెత్తకుండా గిన్నెలు కడిగింది.

"ముసలోనిది తప్పే. కాదంటలే," అంది సుందరమ్మ. "నువ్వేమన్నవో యాదికుందా? పడవ దింపిననాడు తారు డబ్బా పట్టుకుని వొచ్చిండు. మామా, దీనికి తారొద్దు, దూదొద్దు, ఇది ఏ పనీ అడగది, నువ్వు పోయి కూసో అన్నవ్. ఆ డబ్బా పట్టుకుని మంచం కింద దాసుకున్నడు. మనిషి ఏం జేస్తడు మరి?"

సోనీ గిన్నె బోర్లించింది. "నేను మంచికే అన్న అత్తమ్మా."

"ఆయన గూడ మంచికే ముంచిండు."

మధ్యాహ్నం ప్రేమ్‌రాజ్ శాలిబండ పోదామన్నాడు. తుక్కు కొట్లో ఇంకొక ఫైబర్ పడవ ఉంది. ఆకుపచ్చది. కొన్ననాడు ఆగయ్య అదే తీసుకోమన్నాడు. బరువున్నది బలమున్నది, నలుగురు పడితే గాని లేవని పడవ గాలివానకు ఎగరదు అని ఆయన వాదన. సోనీ వినలేదు. ఇప్పుడు దీన్నిచ్చి దాన్ని తెచ్చుకోవడం తప్ప దారి లేదని ప్రేమ్‌రాజ్ అన్నాడు. సోనీ కాదనలేకపోయింది. ఆగయ్య పిలవకముందే లేచి చొక్కా వేసుకున్నాడు.

షేర్ ఆటోలో ముగ్గురూ మాట్లాడుకోలేదు. వాళ్ల మధ్య ఇరుక్కున్న ఒకామె పండ్ల సంచి ఒళ్లో పెట్టుకుని ముగ్గురి ముఖాలూ చూసి, ఎవరన్నా పోయారా అని అడిగింది. లేదమ్మా, పడవ కోసం పోతున్నామని ఆగయ్య చెప్పాడు. ఆమె ఇంకేమీ అడగలేదు.

తుక్కు కొట్టు జహంగీర్ భాయ్ ఏం జరిగిందో విని తల ఊపాడు.

"మై తో పైలేచ్ బోలా థా బేటీ, హరా వాలా లేలో బోల్కే. మజ్బూత్ మాల్ హై." పచ్చదే తీసుకోమని మొదటే చెప్పానని, గట్టి సరుకని ఆయన మాట. మార్చుకోవడానికి ఆయనకు అభ్యంతరం లేదు. ఆ పచ్చదాన్ని వదిలించుకోవాలని చాలా రోజులుగా చూస్తున్నాడు.

పడవ పాత ఫ్రిజ్‌ల పక్కన ఉంది. కొత్త రంగు వేసి ఉంది. సోనీకి తెలిసిన పరీక్ష ఒకటే. పడవను ఎత్తు మీద పెట్టి లోపల నీళ్లు పోయాలి. పోసి, బయట అడుగున చెమట పడుతుందా అని చూడాలి. నీలం పడవకు అట్లా చూసే కొన్నది. ఇప్పుడూ బకెట్ అడిగింది.

"బకెట్ ఎందుకు బిడ్డా," అన్నాడు ఆగయ్య. "జర ఆగు."

ఆయన పడవ ముక్కు దగ్గర వంగి వేలి కణుపుతో కొట్టాడు. టక్కుమంది. ఒక అడుగు జరిగి మళ్లీ కొట్టాడు. కట్టె పడవను కొనేటప్పుడు పుచ్చు ఎక్కడుందో పట్టే పద్ధతి అది. కొట్టుకుంటూ చివరి దాకా వచ్చాడు. ఇంజను బిగించడానికి ఫైబర్ లోపల కట్టె పెట్టిన వెనక పలక దగ్గర చప్పుడు మారింది. మెత్తటి దాని మీద కొట్టినట్టు వచ్చింది. ఆయన నేల మీద పడి ఉన్న మేకు తీసి, రంగు మీద పెట్టి ఒత్తాడు. మేకు లోపలికి దిగింది.

తీసిన చోట నీటి చుక్క వచ్చింది. అది జారిపోయాక ఇంకొకటి వచ్చింది.

"వానకు తడిసింది చాచా," అన్నాడు జహంగీర్ భాయ్. "దో దిన్ ధూప్ మే రక్ఖే తో బస్. రెండు దినాలు ఎండకు పెడితె సాలు."

ఆగయ్య చుక్కను వేలికి తీసుకుని వాసన చూశాడు. సోనీ వైపు చెయ్యి చాపాడు. ఆమె కూడా చూసింది. కుళ్లిన కట్టె వాసన.

"బరువు గిందుకే ఉన్నది," అన్నాడు ఆగయ్య. "ఇది ముందుగాలనే తాగింది."

మేకును ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. చాలాసేపు పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు. ప్రేమ్‌రాజ్ ఏదో అనబోతే సోనీ అతని మోచెయ్యి పట్టుకుంది.

"మనది గూడ గిట్లనే అయితదా?" ఆగయ్య కోడలిని అడిగాడు.

"నీళ్లు లోపల్నే ఉంటె అయితది మామా. కోసి తీస్తె కాదు."

"అయితే కోద్దాం పా."

ప్రేమ్‌రాజ్ అప్పుడు అన్నాడు. "బాపు, నీళ్లు నేనేసిన పొక్కల నుంచి పోయినయి. నువ్వు ముంచకున్నా అవి మూసెయ్యాల్సినోణ్ని నేనే."

"నాకు తెల్సు," అన్నాడు ఆగయ్య. "పొద్దుగాల్నే చూసిన."

శాలిబండలోనే కార్ల బంపర్లు అతికే కృపాకర్ దగ్గరికి పోయారు. ఆయన ఫైబర్ బట్ట, దాని మీద పూసే మందు ఇచ్చాడు. పూశాక ఎండ కావాలన్నాడు. దించేదాకా అతుక్కు చుక్క నీరు తగలకూడదన్నాడు.

శుక్రవారం వాకిట్లో సీటు మూత కోశారు. నీళ్లు గచ్చు మీదికి వచ్చాయి. ఫోం పిడికిట్లో పిండితే కారింది. దాన్ని ముక్కలు ముక్కలుగా పీకి పారేశారు. ఇప్పుడు పెట్టె ఖాళీ. ఖాళీ పెట్టెతో పడవ తేలుతుంది గానీ, ఒకసారి నిండితే మళ్లీ పైకి రాదు. కొత్త ఫోం కోసం ప్రేమ్‌రాజ్ రెండు కొట్లకు పోయి వచ్చాడు. ఎవరూ ఆదివారంలోగా ఇస్తామనలేదు.

దారి చెప్పింది ఆగయ్య. ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు సొరబుర్ర కట్టేవాళ్లు. బుర్రలో ఉండేది గాలే కదా. గల్లీ మొదట్లో నీళ్ల ప్లాంటు నడిపే గీతాంజలిని అడిగి పాత క్యాన్లు తెచ్చాడు. మూతలు బిగించి, మీద మందు పూసి, సీటు పెట్టెలో పక్కపక్కన పేర్చారు. పని జరుగుతున్నంతసేపు ఆయన మోకాళ్ల మాట ఎత్తలేదు.

"పని అడగని పడవ," అంది సుందరమ్మ చాయ గ్లాసులు పెడుతూ. "ఇంటిల్లిపాది దాని చాకిరే."

సోనీకి నవ్వు వచ్చింది. గురువారం నుంచి ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. ఆగయ్య చూసి, మంచం కింది నుంచి తారు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "కొక్కాల కాడ జర పూయనీ. ఏం కాదు."

"పుయ్యి మామా."

సీటు మూత అతికించేసరికి చినుకులు మొదలయ్యాయి. పరదా కప్పారు. శనివారం కూడా ఎండ లేదు. సోనీ గంటకోసారి పరదా ఎత్తి అతుకు మీద వేలు పెట్టింది. సాయంత్రానికి వేలికి అంటడం తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఆదివారం ఉదయం కట్ట మీద డప్పులు మోగుతున్నాయి. పడవలు వరుసగా ఒడ్డున ఉన్నాయి. ప్రేమ్‌రాజ్, సోనీ చెరోవైపు పట్టి పడవను నీళ్లలోకి దించారు. ఇద్దరితోనే లేచింది. నీళ్ల మీద వాలకుండా నిలబడింది. రెండు వరుసల రాతా నీటికి పైన ఉంది. ఒడ్డున ఎవరో ఈ బస్సు చార్మినార్ పోతదా అని అడిగారు. ఆగయ్య నవ్వి, సీట్లు అయిపోయినయి అన్నాడు.

ఆయన ఎక్కాడు. సుందరమ్మ పసుపు నీళ్ల చెంబు అందించింది.

"కూసునే తెడ్డెయ్యి బాపు," అన్నాడు ప్రేమ్‌రాజ్. "కట్టె పడవ లెక్క నిలబడకు. ఇది ఊగుతది."

"రాసే ఉంది కదరా పక్కకు," అన్నాడు ఆగయ్య.

నర్సింహ చెయ్యి ఎత్తాడు. పడవలు కదిలాయి. ఆగయ్య పడవ వెనకబడలేదు.

సోనీ ఒడ్డు వెంట నాలుగడుగులు నడిచింది. గురువారం ప్రేమ్‌రాజ్ నీళ్లలో నుంచి తీసి వేసిన రాళ్లు అక్కడే ఉన్నాయి. పడవను ఒడ్డుకు లాగింది వాటి మీదుగానే. ఒక రాయి కాలికి తగిలింది. ఆమె వంగి చూసింది. రాయి అంచుకు నీలం పెచ్చు అంటుకుని ఉంది. గోటితో గీరితే ఊడి వచ్చింది. రంగు ఒక్కటే కాదు, కింద ఫైబర్ పోగులు కూడా ఉన్నాయి.

ఆమె పెచ్చు తెచ్చి ప్రేమ్‌రాజ్ చేతిలో పెట్టింది.

"పడవ అడుగు చూసినవా?"

"సీటు పని జేసినం గదా..."

"అడుగు. నీళ్లు పోసి చూసినవా?"

నీళ్లు పోస్తే అతుకు తడుస్తుంది. అందుకే పోయలేదు. పడవ మూడు రోజులూ టైర్ల మీద ఉంది. దాన్ని ఎవరూ బోర్లించలేదు. ఆమె కూడా బోర్లించలేదు. ప్రేమ్‌రాజ్ పెచ్చును అటూ ఇటూ తిప్పాడు.

సోనీ మోకాలు లోతు దాకా నీళ్లలోకి పోయి మామను పిలిచింది. డప్పుల చప్పుడులో పిలుపు ఆమెకే సరిగా వినపడలేదు. నర్సింహ దగ్గరికి పోయి వెనక్కి పిలిపించమని అడిగింది. రాయి ముట్టకుండా వెనక్కి వస్తే వంతు పోయినట్టేనని, పిలవమంటావా అని ఆయన అడిగాడు. సుందరమ్మ కోడలి ముఖం చూసింది.

"పిలువు కాకా," అంది సోనీ.

నర్సింహ డప్పులు ఆపమని చెయ్యి ఊపాడు. అప్పటికి ఆగయ్య రాయి దగ్గర ఉన్నాడు. చెంబు వంచి పసుపు నీళ్లు పోశాడు. రాతిని ముట్టి చేతిని కళ్లకు అద్దుకున్నాడు. పడవను తిప్పాడు.

డప్పులు ఆగాయి. ప్రేమ్‌రాజ్ చొక్కా విప్పి నీళ్లలోకి దూకాడు.

అంత దూరం నుంచి అక్షరాలు కనిపించవు. రెండు వరుసలూ రెండు తెల్ల గీతల్లా కనిపిస్తాయి. పడవ సగం దూరం వచ్చేసరికి పై గీత ఒకటే ఉంది. ఆగయ్య తెడ్డు వేయడం ఆపాడు. కాళ్లు మునిగిన నీళ్ల వైపు చూసుకున్నాడు. తెడ్డును పడవలో పెట్టి, ఈదుకుంటూ వస్తున్న కొడుకు వైపు తిరిగి లేచి నిలబడ్డాడు.